పెద్దయ్యాక ఆటిజం అసెస్‌మెంట్: వరంగల్‌లో ఉండి ఎలా మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది. మీకు 31 ఏళ్లు, హనుమకొండలో బ్యాంకు ఉద్యోగం. మీ అక్క కొడుక్కి నాలుగేళ్లప్పుడు ఆటిజం అని తేలింది. డాక్టరు ఆ బాబు గురించి ఒక్కొక్కటే చెప్తుంటే మీకు మీ చిన్నతనమే గుర్తొచ్చింది. ఆన్‌లైన్‌లో 50 ప్రశ్నల టెస్టు చేస్తే 38 వచ్చింది. ఊళ్లో ఒక డాక్టరు దగ్గరికి వెళ్తే, "ఉద్యోగం చేస్తున్నారు, నా మొహం చూసి మాట్లాడుతున్నారు, మీకు ఆటిజం ఏంటి?" అని నిద్రకు మాత్రలు రాసి పంపించారు. అమ్మగారేమో పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయంటున్నారు. అసలు అసెస్‌మెంట్ చేయించుకోవాలా, ఎక్కడికి వెళ్లాలి, ఉద్యోగానికీ సంబంధాలకూ అడ్డమవుతుందా అన్నది మీ సందేహం.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లను చాలాకాలంగా చూస్తున్నాను. మీలాగే వచ్చేవాళ్లు ఎక్కువ. ఇంట్లో ఒక పిల్లాడికి ఆటిజం అని తెలిశాక వాడి తండ్రో, మేనమామో, చిన్నమ్మో "మరి నా సంగతేంటి?" అని అడుగుతారు. ఆటిజంలో వంశపారంపర్యం పాత్ర చాలా ఎక్కువ కాబట్టి మీ అనుమానం ఊరికే పుట్టింది కాదు. అలాగని దానితోనే తేలిపోయేదీ కాదు. తేల్చాలంటే అన్నిటికంటే ముందు కావలసింది ఒకటుంది, చాలామంది దాన్ని పట్టించుకోకుండా నేరుగా హైదరాబాద్ రైలెక్కుతారు. అది మీ చిన్నతనం. అసెస్‌మెంట్‌లో సగం పని మీ ఇంట్లోనే, మీ అమ్మగారి దగ్గరే ఉంది.

ఎందుకో చెప్తాను. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక సమస్యలను నిర్ధారించడానికి డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకం) ప్రకారం ఆటిజం అనాలంటే రెండు రకాల లక్షణాలు కనిపించాలి. ఒకటి, మనుషులతో కలిసే తీరులో, మాటామంతీలో, సైగల్లో, స్నేహాల్లో ఇబ్బంది. రెండోది, ఒకే తీరు పనులు, మార్పును తట్టుకోలేకపోవడం, ఒక విషయం మీద విపరీతమైన ఆసక్తి, శబ్దం, వెలుతురు, బట్ట, రుచి లాంటివి మరీ ఎక్కువగా లేదా మరీ తక్కువగా తాకడం; ఈ నాలుగింట్లో కనీసం రెండుండాలి. ఇవన్నీ చిన్నప్పటి నుంచీ ఉండి ఉండాలి. ఇరవై అయిదేళ్లు బాగానే ఉండి ఆఫీసు టెన్షన్లతో మొదలైతే అది ఇంకేదో అవుతుంది. అయితే అదే డీఎస్ఎంలో ఇంకో మాట కూడా ఉంది. ఈ లక్షణాలు చిన్నప్పుడు పూర్తిగా బయటపడకపోవచ్చు, మనుషులతో వ్యవహారం తన శక్తిని మించినప్పుడే బయటపడొచ్చు, లేదా నేర్చుకున్న పద్ధతుల వెనుక దాగిపోవచ్చు. మీకు మాత్రలు రాసిన డాక్టరు వదిలేసింది ఈ మాటనే. మొహం చూసి మాట్లాడటం, సమయానికి నవ్వడం, "అన్నం తిన్నారా" అని అడగడం కష్టపడి నేర్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, ముఖ్యంగా ఆడపిల్లలు. కౌంటర్లో రోజంతా నవ్వుతూ మాట్లాడి, ఇంటికొచ్చి గదిలో లైటు కూడా వేయకుండా పడుకునే మనిషిని పది నిమిషాల ఓపీలో గుర్తుపట్టడం కుదరదు.

చూపు సంగతి ఇంకొంచెం చెప్పాలి. మన ఇళ్లలో పెద్దవాళ్ల ముందు తల దించుకుని మాట్లాడితే బుద్ధిమంతురాలంటారు, సూటిగా చూస్తే పొగరంటారు. అలా పెరిగిన అమ్మాయి డాక్టరు ముందు తల దించుకుందని ఆటిజం అనలేం, తల ఎత్తిందని లేదనీ అనలేం. మిమ్మల్ని చూసేవాళ్లకు ఈ ఇళ్ల పద్ధతి తెలిసి ఉండాలి.

ఇక అమ్మగారి దగ్గర కూర్చోవడం. "అమ్మా, చిన్నప్పుడు నేను వేరేగా ఉండేదాన్నా?" అని మాత్రం అడగకండి. ఏ తల్లీ అవునని చెప్పదు. ఆ ప్రశ్నలో తన పెంపకం మీద నింద ఉన్నట్టు ఆమెకు వినపడుతుంది. నా దగ్గరికి ఒక జూనియర్ లెక్చరర్ వచ్చారు, వివరాలు మార్చి చెప్తున్నాను. వాళ్లమ్మ కూర్చోగానే, "మా పిల్ల బంగారం సార్, ఎవలతోని లొల్లి లేకుండె, ఎక్కడ కూసోబెడితే అక్కడ కూసునేది" అన్నారు. బంగారమే, సందేహం లేదు. తర్వాత నేను అన్నం గురించి అడిగాను. పదో తరగతి దాకా పెరుగన్నమే తినేదట, అదీ ఒకే స్టీలు గిన్నెలో. ఆ గిన్నె ఒకసారి చుట్టాలింట్లో మర్చిపోయి వస్తే రెండు పూటలు పస్తుందట. పెళ్లిళ్ల గురించి అడిగితే, "బ్యాండు మొదలైతే చాలు, సామాన్ల రూంల పోయి దాసుకునేది, అక్కడ ప్లేట్లన్నీ సైజుల వారీగ పేర్చేది" అన్నారు. ఆ తల్లి మొదట అబద్ధం చెప్పలేదు, తర్వాత నిజం దాచలేదు. ఆమెకు అవన్నీ బిడ్డ ముద్దు ముచ్చట్లు, అంతే. నాకు మాత్రం కావలసింది అదే.

కాబట్టి చిన్న చిన్న సంగతులు అడగండి. ఎప్పుడు మాట్లాడాను, మొదట ఏం మాట్లాడాను? చుట్టాలొస్తే ఎక్కడికి పోయేదాన్ని? మిక్సీ వేస్తే, కుక్కర్ విజిల్ వస్తే ఏం చేసేదాన్ని? ఏ గౌను వేయబోతే ఏడ్చేదాన్ని? బతుకమ్మ దగ్గర అందరితో కలిసి తిరిగేదాన్నా, ఒడ్డున నిల్చునేదాన్నా? బడికి పోయే దారి మారిస్తే గొడవ చేసేదాన్నా? ఏ ఆట ఆడేదాన్ని, ఎవరితో? అమ్మగారు కాదంటే పెద్దమ్మో మేనత్తో చెప్తారు. తల్లులు మర్చిపోయినవి మేనత్తలు బాగా గుర్తుపెట్టుకుంటారు. స్కూలు ప్రోగ్రెస్ కార్డులు దొరికితే మార్కులు పక్కన పెట్టి టీచర్ రిమార్కులు చూడండి. "క్లాసులో ఎవరితో కలవదు", "చురుకైన పిల్ల కానీ మాట్లాడదు" లాంటివి ఉంటే ఫోటో తీసి పెట్టుకోండి. పాత పెళ్లి వీడియోల్లో మీరు ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో చూడండి. మీకు మీరుగా గుర్తున్నవి కూడా రాయండి, కానీ "నాకు సెన్సరీ ఇష్యూస్ ఉన్నాయి" అని రాయకండి. "గురుకులం హాస్టల్లో డైనింగ్ హాల్ ప్లేట్ల చప్పుడుకి రోజూ అందరూ తిన్నాక చివర్లో వెళ్లేదాన్ని" అని రాయండి. మొదటిది ఎక్కడైనా చదివి రాయొచ్చు. రెండోది మీరు మాత్రమే రాయగలరు.

38 గురించి. ఆ 50 ప్రశ్నల టెస్టును ఏక్యూ అంటారు, 2001లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో సైమన్ బారన్-కోహెన్ బృందం తయారుచేసింది. 32, ఆపైన వస్తే పూర్తి అసెస్‌మెంట్ గురించి ఆలోచించమన్నది దాని ఉద్దేశం. అందులో పార్టీకి పోవడం ఇష్టమా లైబ్రరీకి పోవడం ఇష్టమా, నాటకానికా మ్యూజియానికా అన్న తీరు ప్రశ్నలుంటాయి. మన దగ్గర పెళ్లికీ బారసాలకీ పోవడం ఇష్టాయిష్టాల మీద ఉండదు, రాకపోతే మాటొస్తుంది కాబట్టి పోతాం. ఆ ప్రశ్నకు హనుమకొండ ఆడపిల్ల ఇచ్చే జవాబుకు అక్కడి మనిషి జవాబుకున్న అర్థమే ఉందని నేను అనుకోను. పైగా సోషల్ యాంగ్జైటీ, అంటే నలుగురిలోకి వెళ్లాలంటే విపరీతమైన భయం ఉన్నవాళ్లకు కూడా ఇందులో స్కోరు పెరగొచ్చు. మీ 38 తలుపు తట్టడానికి సరిపోతుంది. ఆ ప్రింటవుటు ఫైల్లో పెట్టుకోండి కానీ డాక్టరుతో మాట అక్కడి నుంచి మొదలుపెట్టకండి. "ఇంటర్నెట్‌లో చూసుకుని వచ్చారు" అనిపించుకోవడం తప్ప లాభం ఉండదు.

ఎక్కడికి వెళ్లాలి? వరంగల్‌లో మొదటి మెట్టు ఎంజీఎంలోని మానసిక వైద్య విభాగం, కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆసుపత్రి అది. ఓపీ రద్దీ మీకు కష్టంగానే ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి, తోడు ఒకరిని తీసుకెళ్లండి. అక్కడ సైకియాట్రిస్టుతో డిప్రెషన్, యాంగ్జైటీ, ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు రావడం, చేసిందే చేయడం), ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరకపోవడం) లాంటివి ఉన్నాయో లేవో చూపించుకుని, పెద్దవాళ్లకు ఆటిజం అసెస్‌మెంట్ చేసేచోటికి రిఫరల్ రాయించుకోవచ్చు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది, ప్రైవేటులో క్లినికల్ సైకాలజిస్టులు ఉన్నారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దూరమే కానీ కేసు చిక్కుగా ఉంటే, ముఖ్యంగా ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్తే, ఆ ప్రయాణం దండగ కాదు.

చాలామందికి తట్టని దారి ఒకటుంది. మీ అక్క కొడుక్కి థెరపీ చేస్తున్నవాళ్లను అడగండి. పిల్లల థెరపీ సెంటర్లు మీకు పరీక్ష చేయలేకపోవచ్చు, కానీ పెద్దవాళ్లను ఓపిగ్గా చూసే సైకాలజిస్టు ఎవరో వాళ్లకు తెలిసే అవకాశం ఉంది. బాబును చూసిన డాక్టరుకి మీ కుటుంబం చరిత్ర ఇప్పటికే కొంత తెలుసు, ఆయన రాసే నాలుగు లైన్ల లెటర్ విలువైనది.

అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు ఫోన్లో నాలుగు మాటలు అడగండి, మొహమాటపడకండి. పద్దెనిమిది దాటినవాళ్లకు ఆటిజం అసెస్‌మెంట్ చేస్తారా? చేసేవారికి ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా? మా అమ్మతో తెలుగులో మాట్లాడతారా? రిపోర్టు రాసిస్తారా, మొత్తం ఫీజు ఎంత, ఎన్ని సిట్టింగులు? ఆర్‌సీఐ నంబరు అడగడం అవమానం కాదు, ఉన్నవాళ్లు సంతోషంగా చెప్తారు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన డయాగ్నసిస్ చేసే అర్హత రాదు. అరగంటలో తేల్చేస్తామన్నా, ఒక ప్రశ్నాపత్రం వాట్సాప్‌లో పంపి రిపోర్టు ఇస్తామన్నా అక్కడికి వెళ్లొద్దు.

సరైన అసెస్‌మెంట్ సాధారణంగా ఒక్క పూటలో అయిపోదు. మొదట మీతో మాట్లాడతారు, బడి, స్నేహాలు, ఉద్యోగం, నిద్ర, తిండి అన్నీ. అమ్మగారితో విడిగా మాట్లాడతారు. కొన్ని ప్రశ్నాపత్రాలు నింపిస్తారు. కొందరు ఏడాస్-2 అనే పరిశీలన కూడా చేస్తారు, మాటలు ధారాళంగా వచ్చే పెద్దవాళ్ల కోసం అందులో నాలుగో మాడ్యూల్ ఉంది. బొమ్మలు చూపించి కథ చెప్పమంటే, ఇదేంటి చిన్నపిల్లల పని అనుకోకండి. మీరేం చెప్పారన్నదానికంటే ఎలా చెప్పారన్నది వాళ్లు చూస్తారు. రోజూ ఆఫీసులో వేసుకునే నవ్వు ఆ రోజు పక్కన పెట్టండి. చేతులు నలపాలనిపిస్తే నలపండి, లైటు గుచ్చుతుంటే తగ్గించమని అడగండి. మంచి మార్కుల కోసం చేసే ఇంటర్వ్యూ కాదది. బాగా సిద్ధమై, ప్రతి ప్రశ్నకూ చక్కగా జవాబు చెప్పి, తీరా బయటికొచ్చాక మెట్ల మీద ఏడ్చినవాళ్లను చూశాను. ఆ ఏడుపు లోపలే చెప్పి ఉంటే రిపోర్టు వేరేగా ఉండేది.

ఒక జాగ్రత్త. ఇప్పుడు మీకు బతకాలని లేదనిపించే ఆలోచనలు గానీ, వారాల తరబడి నిద్ర లేకపోవడం గానీ ఉంటే, ముందు దానికి చికిత్స మొదలుపెట్టండి, అసెస్‌మెంట్ తర్వాత. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో ఈ ఆలోచనలు మిగతావాళ్లలో కంటే ఎక్కువని పరిశోధనలు గట్టిగానే చెప్తున్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. రాసిచ్చిన నిద్రమాత్రలు కూడా మీ అంతట మీరు పెంచడం, ఆపేయడం చేయకండి.

రిపోర్టు వేరు, వికలాంగుల సర్టిఫికెట్ వేరు. ఇక్కడ చాలామంది గందరగోళపడతారు. ఆటిజం 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఒకటి. రిజర్వేషన్ లాంటివి కావాలంటే 40 శాతం, ఆపైన ఉన్నట్టు ప్రభుత్వ మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఇవ్వాలి. దానికి వాడేది ఐఎస్‌ఏఏ అనే కొలమానం, మన సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలోనే తయారైంది. అందులో 40 అంశాలుంటాయి, మొత్తం స్కోరు 70 దగ్గర ఆటిజం లెక్క మొదలవుతుంది. అది ప్రధానంగా పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని చేసినది. మాటలు వచ్చి, చదువుకుని, ఉద్యోగం చేసుకునే మనిషికి అందులో తక్కువ స్కోరు రావచ్చు. అలా వస్తే మీకు ఆటిజం లేదని కాదు, సర్టిఫికెట్‌కి సరిపడలేదని. ఈ తేడా తెలియక సదరం క్యాంపు నుంచి ఖాళీ చేతులతో వచ్చి "అంతా నా భ్రమే" అనుకుని కుమిలిపోయినవాళ్లున్నారు. నా సలహా అడిగితే ముందు క్లినికల్ రిపోర్టు తీసుకోండి. అది మీ కోసం. సర్టిఫికెట్ కావాలా వద్దా అన్నది ఆ తర్వాత తాపీగా ఆలోచించొచ్చు.

ఉద్యోగం గురించి భయపడకండి. ఆ రిపోర్టు మీరు ఇస్తే తప్ప బ్యాంకుకు తెలియదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా చెప్పింది, మీ రికార్డులు మీరు అడిగి తీసుకునే హక్కు కూడా ఇచ్చింది. 31 ఏళ్ల మనిషి రిపోర్టును సైకాలజిస్టు ఆమె అనుమతి లేకుండా తల్లిదండ్రులకు కూడా ఇవ్వకూడదు. రేపు మీరే చెప్పుకోవాలనుకుంటే 2016 చట్టం మీ వైపు ఉంది. మీది ప్రభుత్వ రంగ బ్యాంకు అయితే వైకల్యం ఉన్న ఉద్యోగికి తగిన వెసులుబాట్లు కల్పించాల్సిన బాధ్యత దానిదే. నెల మొదట్లో పెన్షన్ల రద్దీ రోజుల్లో క్యాష్ కౌంటర్ బదులు వెనుక డెస్కు పని, నోటిమాటగా కాకుండా మెయిల్‌లో సూచనలు, ఫ్యాను కింద కాకుండా గోడ పక్కన సీటు, ఇలాంటి చిన్న మార్పులే ఎక్కువమందికి కావలసింది. వీటిలో కొన్ని ఏ రిపోర్టూ లేకుండా మేనేజర్‌ని మామూలుగా అడిగినా దొరుకుతాయి.

పెళ్లి సంగతి. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయన్న అమ్మగారి మాట తప్పు అని నేను గట్టిగా చెప్పగలను. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, కొత్త వంట, పొద్దున్నే లేచి అందరితో మాట్లాడాలి, ప్రతి పండక్కీ చుట్టాలు. ఇవన్నీ ఒకేసారి మీద పడితే సర్దుకోవడం కాదు, ఉన్నది కూడా చెదిరిపోతుంది. పెళ్లయిన ఏడాదికి పుట్టింటికి వచ్చేసి, అప్పుడు నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. ముందే తెలిసి ఉంటే ఎలాంటి ఇల్లు, ఎలాంటి మనిషి తనకు కుదురుతారో వెతుక్కునేవాళ్లు. డయాగ్నసిస్ వస్తే అది ఊరంతా చెప్పక్కర్లేదు, మధ్యవర్తికి చెప్పక్కర్లేదు. చేసుకోబోయే అతనికి మాత్రం నిశ్చయం కాకముందే మీరే చెప్పండి, పేరు కంటే ముందు అది మీలో ఎలా ఉంటుందో చెప్పండి. విని వెనక్కి పోయే మనిషి తర్వాతైనా మీతో ఉండలేడు.

తేలాక ఏం మారుతుందని అడుగుతారు. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. యాంగ్జైటీకి, నిద్రకు, డిప్రెషన్‌కు అవసరమైతే మందులుంటాయి. స్టెమ్ సెల్స్ (మూల కణాలు)తో నయం చేస్తామని లక్షలు అడిగేవాళ్లున్నారు, మీ అక్క దగ్గరికి కూడా వస్తారు. ఆటిజానికి ఆ చికిత్స సిఫారసు చేయడం లేదని నేషనల్ మెడికల్ కమిషన్ బోర్డు 2022లోనే చెప్పింది. మారేది మీ రోజు. ఏ పని మిమ్మల్ని అలసగొడుతుందో తెలుస్తుంది, ముప్ఫయ్యేళ్లుగా పొగరనీ మొండితనమనీ పడిన మాటలకు వేరే అర్థం దొరుకుతుంది. కొందరికి మొదట సంతోషం వేస్తుంది, నెల తర్వాత బాధ మొదలవుతుంది, "నాకు పదేళ్లప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే" అని. రెండూ సహజమే. ఆటిజం కాదని తేలితే కూడా వెళ్లింది వృథా కాదు. ఏడీహెచ్‌డీ అనో సోషల్ యాంగ్జైటీ అనో తేలితే వాటికి పనిచేసే చికిత్సలున్నాయి. కొన్నిసార్లు ఆటిజంతో కలిసి ఇవీ ఉంటాయి.

డబ్బు, సెలవు, ఇంట్లో పరిస్థితి కుదరక ఇప్పుడే అసెస్‌మెంట్‌కు వెళ్లలేకపోయినా ఫర్వాలేదు. డీజే ఉన్న బారాత్‌కి వెళ్లక తప్పకపోతే చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవడానికి, కౌంటర్ నుంచి లేచాక పదిహేను నిమిషాలు ఎవరితో మాట్లాడకుండా ఉండటానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. చిన్ననాటి సంగతుల నోట్సు మాత్రం ఇప్పుడే రాసిపెట్టండి. అమ్మగారి జ్ఞాపకశక్తి ఇవాళ ఉన్నట్టు పదేళ్ల తర్వాత ఉండకపోవచ్చు.

వెళ్లేటప్పుడు హైదరాబాద్ అయితే వీలైనంత వరకు ముందురోజే చేరుకోండి. కాజీపేటలో తెల్లవారుజామున రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, ఆ ట్రాఫిక్‌లో పడి వెళ్తే అక్కడికి చేరేసరికి మీలో మాట్లాడే ఓపిక మిగలదు. అమ్మగారు రాలేనంటే వీడియో కాల్‌లో మాట్లాడతారేమో ముందే అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, తల్లులు కూడా సొంత ఇంట్లో కూర్చుని ఇంకా బాగా చెప్తారు. రిపోర్టు చేతికొచ్చాక అక్కడే చదవండి. పేరు, వయసు, చదువు, మీరు చెప్పిన చిన్ననాటి సంగతులు సరిగ్గా రాశారా చూసి, తప్పుంటే అప్పుడే దిద్దించుకోండి. సంతకం కింద ఆర్‌సీఐ నంబరో, డాక్టరైతే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరో ఉందో లేదో చూసుకోండి. రెండు ఒరిజినల్స్ అడగండి.